వదిన పంపిన వాక్యాలు

జూన్ 6

వదినకి,

నమస్కారం. నువ్వు పట్టుబట్టినట్టే కాగితం మీద రాస్తున్నాను, చూసి సంతోషించు. ఫోన్ అనేది ఒకటి కనిపెట్టి చాలా కాలమైంది, ఆ కబురు మీ స్కూలుకి ఇంకా చేరినట్టు లేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "ఉత్తరం రాయి" అని పెట్టేస్తున్నావు. మా ఆఫీసులో పెన్ను అడిగితే అందరూ నన్ను వింతగా చూశారు. చివరికి కింద సెక్యూరిటీ గార్డు దగ్గర దొరికింది. రీఫిల్ అయిపోయేలోపు విషయం చెప్పేస్తాను.

నేనేం చేస్తుంటానని చుట్టాలు అడిగితే "కంప్యూటర్ ముందు కూర్చుంటుంది" అంటావట. నువ్వు బోర్డు ముందు నుంచుంటావని నేనెప్పుడైనా అన్నానా? నీ పనీ నా పనీ ఒకటే వదినా. నువ్వు ఒక వాక్యం రాసి, దాన్ని విడగొట్టి, ఇది కర్త, ఇది కర్మ, ఈ విశేషణం ఫలానా నామవాచకానిది అని గీతలు గీసి, ఏ మాట ఏ మాటతో పోతుందో పిల్లల చేత చెప్పిస్తావు. దాన్ని నువ్వు అన్వయం అంటావు, మేం పార్సింగ్ అంటాం. నువ్వు నేర్పింది పిల్లలు పరీక్ష హాలు గడపలో వదిలేసి వస్తారు. నేను నేర్పింది మిషన్ మరిచిపోదు. అంతే తేడా.

మిషన్‌కి వాక్యమంటే ఉత్త అక్షరాల వరస. ముందు దాన్ని మాటలుగా తుంచుతుంది. తర్వాత మన పెళ్ళిళ్ళ పేరయ్యలాగ మాటకీ మాటకీ చుట్టరికం కలిపి, అన్నిటినీ ఒక చెట్టుకి కొమ్మల్లా అమర్చుతుంది. చుట్టరికం కుదరకపోతే "తప్పు" అని చెప్పి మొండికేస్తుంది. అచ్చం నీలాగే.

ఇప్పుడు మాకో పెద్ద గిరాకీ తగిలింది. చాలా కొట్లున్న ఒక యజమాని. ఆయన కొట్లకి జనం రాసే ఫిర్యాదులు కుప్పలు కుప్పలుగా వస్తాయట, వాటిని మా మిషన్ చదివి పెట్టాలి. వచ్చే నెల ఆయన ముందు డెమో. అది బాగా జరిగితే నన్ను టీం లీడర్‌ని చేస్తామన్నారు. చిక్కేమిటంటే మా మిషన్ పాఠ్యపుస్తకం వాక్యాలు తప్ప వేరేవి ముట్టదు. జనం అలా మాట్లాడరు కదా. కర్త ఎక్కడో నక్కి ఉంటుంది, క్రియ సగంలో వాలిపోతుంది. నాకు అలాంటి వాక్యాలు కావాలి. ఇంట్లో అన్నవి, స్టాఫ్ రూంలో విన్నవి, అనాలనుకుని ఆపుకున్నవి. ఒక్కోదానికీ నీ అన్వయం కూడా రాసి పంపు. నిజమైనవి దొరక్కపోతే కల్పించినా పర్వాలేదు.

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ మెడకి పడ్డ ఆడపడుచు


జూన్ 15

మా కంప్యూటరమ్మకి,

దీవెనలు. నీ చేతిరాత చూశాక కంప్యూటర్లు ఎందుకు కనిపెట్టారో అర్థమైంది. ఎర్రసిరా పెట్టాల్సిన చోట్లు చాలా ఉన్నాయి గానీ మరదలివని వదిలేశాను.

నీ మిషన్ "తప్పు" అని మొండికేస్తుందనీ, అది నా పోలికనీ రాశావు. నేను మొండికెయ్యను. తప్పని చెబుతాను, ఎందుకు తప్పో చెబుతాను, దిద్ది మళ్ళీ రాయిస్తాను, పిల్ల రాసింది పూర్తిగా చదువుతాను. అన్వయం చెప్పేది ఎందుకనుకున్నావు? మాటల్ని ముక్కలు చేసి మురిసిపోవడానికి కాదు. రాసినవాడు ఏమంటున్నాడో తేల్చుకోవడానికి. మీ మిషన్‌కి ఆ చివరి పని కూడా వచ్చా అని అడిగితే నీకు కోపం వస్తుంది కాబట్టి అడగను.

ఫోన్ సంగతి ఎత్తావు. ఫోన్లో నువ్వు మొదలుపెట్టేది ఒకటి, ముగించేది ఇంకొకటి. మధ్యలో ఎవరితోనో మాట్లాడి నవ్వుతావు. నీ మాట వెనకాల ఆఫీసంతా రొద. కాగితం మీద మాట కదలకుండా నుంచుంటుంది, అందకపోతే రెండోసారి చూసుకోవచ్చు. ఈ మధ్య నాకు అలా నుంచునే మాటలంటేనే ఇష్టంగా ఉంది.

అనాలనుకుని ఆపుకున్న వాక్యాలు అడిగావు చూడు, అవి మాత్రం నా దగ్గర గంపెడున్నాయి. కాచుకో.

"ఆడపడుచు వచ్చి వెళ్ళాక ఇల్లు సర్దడానికి రెండు పూటలు పట్టింది." కర్త ఎవరో లోకానికి తెలుసు, సర్దిన మనిషి మాత్రం వాక్యంలో లేదు. ఎప్పుడూ ఉండదు.

"గంట కొట్టారని పిల్లలు లేస్తేనే తెలుస్తోంది." ఎవరికి తెలుస్తోందో చెప్పలేదు, గమనించు.

"కుడివైపు బల్లల మీద పిల్లలంతా జవాబులు చెబుతారు, ఎడమవైపు వాళ్ళు పెదవులు కదుపుతారంతే."

"కుక్కర్ కూత పెట్టీ పెట్టీ అడుగంటిందని పక్కింటావిడ తలుపు తోసుకొచ్చి చెప్పింది."

"పిలిచాను పిలిచాను అంటారు, ఎప్పుడు పిలిచారో."

మిగతావి వెనక కాగితంలో ఉన్నాయి. అన్నిటికీ అన్వయం గీశాను. మీ అన్నయ్య కులాసా. బస్టాండులో మైకు ముందు ఆయన గొంతు ఇంకా ఖంగుమంటోందని అందరూ అంటున్నారు.

వాక్యాలు నిదానంగా చదువు.

వదిన


జూన్ 24

వదినమ్మా,

ముందు దెబ్బలాట, తర్వాత పొగడ్త.

ఆడపడుచు వాక్యం పెద్ద స్క్రీన్ మీద చెట్టులా కట్టి టీం అంతా చదివారు. మా మేనేజరు "ఆడపడుచు" అన్న మాట మీద లేజర్ చుక్క పెట్టి "కర్త ఇదేనా" అని నన్నే అడిగాడు. "అవును సార్, నేనే" అని ఒప్పుకోవాల్సొచ్చింది. అప్పట్నుంచి నేను క్యాంటీన్‌లో ప్లేటు వదిలేసి లేస్తే చాలు, "రెండు పూటలు" అని దగ్గుతున్నారు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, ఆ మాత్రం మర్యాదైనా ఇచ్చావా? నేను పోయినసారి వచ్చినప్పుడు గ్లాసు కడిగాను. నువ్వు చూడలేదంతే.

ఇక పొగడ్త. మిగతావి బంగారం. గంట వాక్యంలో కొట్టినవాళ్ళు లేరు, తెలిసినవాళ్ళు లేరు. మా మిషన్ గింగిరాలు తిరిగి, పిల్లలే గంట కొట్టి పిల్లలే లేచారని తేల్చింది. రూల్ మార్చి మళ్ళీ పెట్టాను, దారికొచ్చింది. కుడివైపు ఎడమవైపు వాక్యానికి రెండు చెట్లు కట్టి, ఏది నిజమో తేల్చుకోలేక రెండూ నా ముందు పడేసింది. కుక్కర్ వాక్యం అయితే మా వాళ్ళందరికీ తెగ నచ్చేసింది. ఒకదాని కడుపులో ఒకటి మూడు వాక్యాలు. ఇలాంటివి ఇంకో కట్ట పంపు.

ఇది ఇలా ఉంచి, నీతో తేల్చుకోవాల్సింది ఒకటుంది. అన్నయ్య నిన్న ఫోన్ చేసి చాలాసేపు బాధపడ్డాడు. పిలిస్తే పలకడం లేదట నువ్వు. వంటింట్లో ఉన్నప్పుడు గుమ్మం దగ్గర నుంచుని ఏమైనా చెబితే గోడకి చెప్పినట్టే ఉందట. టీవీ వీధి చివరికి వినపడేలా పెడతావట, తను కాస్త గొంతెత్తితే మాత్రం "ఎందుకలా అరుస్తారు" అని కళ్ళెర్రజేస్తావట. "ఊరి జనమంతా నా మాట విని బస్సెక్కుతారు, ఇంట్లో నాతో మాట్లాడటమంటే మీ వదినకి చిన్నతనం" అన్నాడు. నీతో మాట్లాడితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందట. నాకు నవ్వొచ్చింది గానీ, వాడి గొంతులో దిగులుంది వదినా. నువ్వు చదువుకున్నదానివి, వాడు మైకు ముందు బస్సు నంబర్లు చదివేవాడు. ఆ తేడా ఇన్నేళ్ళూ నువ్వెప్పుడూ చూపించలేదు, ఇప్పుడు మొదలుపెట్టకు. తప్పు నీదే అని నా తీర్పు.

వాక్యాలు మరిచిపోకు.

నీ గ్లాసు కడిగిన ఆడపడుచు


జూలై 3

జడ్జమ్మగారికి,

తీర్పు అందింది. సాక్షిని ఒక్కణ్ణే విచారించి, ముద్దాయిని ఒక్క మాటైనా అడక్కుండా ఇచ్చిన తీర్పు. ఇలాంటివి మీ మిషన్ ఇంకా వేగంగా ఇవ్వగలదనుకుంటా.

మీ అన్నయ్య మనసు కష్టపెట్టుకున్నారని నాకూ తెలుసు. పళ్ళెం పెట్టే చప్పుడు నాకు అందకపోయినా, పెట్టిన తీరు కళ్ళకి కనపడుతుంది కదా. ఆయన ఆస్తి అంతా ఆ గొంతే. మొదటిసారి నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు కూడా మొహం వంచుకుని కూర్చున్నారు, గొంతు విని ఒప్పుకున్నాను. అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి కొన్ని మాటలు ఎలా చెప్పాలో నలభై మంది పిల్లలకి వ్యాకరణం చెప్పేదానికి కూడా తెలియడం లేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

మా స్కూలు కబుర్లంటే ఏమున్నాయి. కొత్త హెడ్మిస్ట్రెస్ మెత్తగా మాట్లాడే మనిషి. పెద్దరికం వచ్చినకొద్దీ గొంతు తగ్గించాలని ఎవరో చెప్పినట్టున్నారు. మీటింగులో ఆవిడ నవ్వితే నేనూ నవ్వుతున్నాను, తలూపితే తలూపుతున్నాను. మొన్న అలా తలూపి రెండు తరగతుల అదనపు పని నెత్తికి తెచ్చుకున్నాను. లెక్కల టీచరు "త్యాగమూర్తివి" అంది. అది మాత్రం పెదవులు చూసి తెలుసుకున్నాను.

నువ్వడిగిన రెండో కట్ట ఇదిగో. ఈసారి మిషన్‌కి పెట్టే ముందు నువ్వు చదువు. అన్వయం నేను గీయలేదు. ఇవి గీతలు లేకుండానే తెలుస్తాయి.

"డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి పెదవి విరిచాడు."

"లోపల బియ్యపుగింజంత ఎముక గట్టిపడి కదలడం మానేసిందట, రెండో చెవికీ అదే దారట."

"ఆపరేషన్ చేస్తే వినపడొచ్చట, చెయ్యకపోతే ఈ ఉన్నది కూడా పోతుందట."

"సంగతి బయటపడితే తరగతి తీసేసి పుస్తకాల గది తాళం చేతికిస్తారు."

"చెప్పుకోవడానికి మనుషులు లేక కాదు, చెబితే జాలిపడతారని."

"ఇరవైమూడో తారీఖు పొద్దున్న ఆసుపత్రికి ఎవరైనా తోడు వస్తే బాగుండును."

ఇంతే. ఈసారి కట్ట చిన్నది.

నీ జవాబు కోసం చూస్తుంటాను. పోస్టుమాన్ గుమ్మం దగ్గర అరిచి వెళ్ళిపోతున్నాడు, అందుకని మధ్యాహ్నం పూట వరండాలోనే కూర్చుంటున్నాను.

వదిన


జూలై 11

వదినా,

నీ నోట్లో చక్కెర పొయ్య. ఏం వాక్యాలు పంపావు.

ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టకు, ఇక్కడ ఊపిరి పీల్చుకునే తీరిక లేదు. నువ్వు నన్ను ముందు చదవమన్నావు గానీ, కవరు చింపీ చింపగానే నేరుగా మిషన్‌లోకి ఎక్కించేశాను. ఒక్కటి కూడా తప్పు పోలేదు. చకచకా చెట్లు కట్టేసింది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, రెండు కట్టలకే మా మిషన్ నువ్వైపోయింది.

తర్వాత నేనూ చదివాననుకో. ఆ చెవిటావిడని భలే కల్పించావు. నాకు నువ్వు వ్యాకరణం టీచరువనే తెలుసు, ఇంత కల్పన ఉందని తెలీదు. వాక్యం వాక్యానికీ కథ నడిపించావు చూడు, అది ఎవరికీ రాదు. బియ్యపుగింజంత ఎముక అట. ఎక్కడ దొరుకుతాయి నీకు ఇలాంటివి? ఇంతకీ ఆవిడకి చివరికి ఏమవుతుంది, తోడు ఎవరైనా వస్తారా? పూర్తిచేసి ఏదైనా పత్రికకి పంపు, ప్రైజు రాకపోతే నన్నడుగు.

మా వాళ్ళందరికీ చివరి వాక్యం నచ్చింది. "ఎవరైనా తోడు వస్తే బాగుండును." కోరిక ఉంది, షరతు ఉంది, కోరేది ఎవరో లేదు, ఎవరిని కోరుతోందో కూడా లేదు. అయినా మిషన్ తడుముకోకుండా విడగొట్టింది. డెమోలో అన్నిటికంటే ఆఖర్న దాన్నే చూపిద్దామన్నాడు మేనేజరు. పైగా ఇంకో సరదా విను. మా డెమో కూడా సరిగ్గా ఇరవైమూడునే, పొద్దున్నే. నీ వాక్యంలో తారీఖు, మా తారీఖు ఒకటే అయ్యాయి. మా టీం అంతా శుభశకునం అనుకున్నాం.

ఆ రోజు నా గురించి ఒక్క క్షణం తలుచుకో వదినా. నీకేమీ పని ఉండదుగా.

అన్నట్టు అన్నయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. నువ్వు వరండాలో ఒక్కదానివే కూర్చుంటున్నావట, పక్కనుంచి వెళ్ళినా తలతిప్పి చూడట్లేదట. "అలిగింది, ఎందుకో చెప్పదు" అంటున్నాడు. పెద్దవాళ్ళయ్యారు, పంతాలు మానండి. సూటిగా నోరు తెరిచి చెబితే సరిపోయేదానికి ఇన్ని డొంకతిరుగుళ్ళు ఎందుకో నాకు అర్థం కాదు.

కాబోయే టీం లీడర్


జూలై 16

మరదలికి,

ఉత్తరం అందింది. కల్పన బాగుందన్నందుకు సంతోషం. నేను ఇన్నేళ్ళూ పిల్లల వాక్యాలు మెచ్చుకున్నాను గానీ, నా వాక్యాన్ని మెచ్చుకున్నవాళ్ళు లేరు. ఆ ముచ్చట నీ వల్ల తీరింది.

ఆవిడకి చివరికి ఏమవుతుందని అడిగావు. తోడు ఎవరూ రారు. వచ్చే వీలున్నవాళ్ళకి ఆ రోజు వేరే పని ఉంటుంది. అది కూడా చాలా ముఖ్యమైన పని.

పత్రికకి పంపను. ఇలాంటి కథలు ఎవరూ నమ్మరు. వాక్యాలన్నీ అంత తేటగా ఉంటే చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియకుండా ఎలా ఉంటుంది, రచయిత్రికి లోకజ్ఞానం లేదు అని తిప్పి పంపుతారు.

నీ డెమో బాగా జరగాలని కోరుకుంటున్నాను. నిజంగానే అంటున్నాను.

వాక్యాలు ఇంక లేవు.

వదిన


జూలై 23

వదినా,

ఇది ఎలా మొదలుపెట్టాలో తెలీడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొట్ల యజమాని సరిగ్గా టైముకి వచ్చాడు. నలిగిన చొక్కా, చేతిలో తన ఫిర్యాదుల కట్ట. మేం ఏసీ గదిలో కోట్లు వేసుకుని వరసగా నుంచున్నాం. మిషన్ ఒక్కచోట కూడా తడబడలేదు. నీ కుక్కర్, నీ గంట, నీ బల్లలు అన్నీ చెట్లు చెట్లుగా స్క్రీన్ మీదికి వస్తుంటే మా మేనేజరు పెళ్ళికొడుకు తండ్రిలా వెలిగిపోయాడు. ఆఖరికి నీ తోడు వాక్యం పెట్టాం. విడిపోయింది, కొమ్మలు వేసింది, కింద పచ్చరంగులో "విశ్లేషణ పూర్తి. లోపాలు లేవు" అని పడింది. మేం చప్పట్లు కొట్టుకున్నాం.

ఆయన కొట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "చెట్టు బాగానే ఉంది. ఇంతకీ ఆవిడకి తోడు ఎవరు వెళ్ళారు?" అన్నాడు.

నేను నవ్వుతూ "అది కల్పించిన వాక్యం సార్" అన్నాను.

"ఎవరు కల్పించారు?"

"మా వదిన. టీచరు."

"ఆవిడకి బాగానే వినపడుతుందా?"

నోటిదాకా వచ్చిన "ఆ" అక్కడే ఆగిపోయింది వదినా. ఫోన్ వద్దనడం, టీవీ, అన్నయ్య పిలిస్తే పలకకపోవడం, పోస్టుమాన్ కోసం వరండాలో కూర్చోవడం. నేను నీకు శంఖం సామెత రాశాను. అన్నీ నా టేబుల్ మీదే ఉన్నాయి, అన్నిటికీ నేనే పేర్లు పెట్టాను, ఒక్కటి కూడా వినలేదు. నా గురించి ఉన్న ఒకే ఒక్క వాక్యం మాత్రం చదివీ చదవగానే అర్థమైంది నాకు.

ఆయన లేచాడు. "ఉత్తరం రాసినవాడికి ఏం కావాలో నాకు తెలియాలమ్మా. ఉత్తరమంతా చదివి, ఏం కావాలో తెలుసుకోని గుమస్తాలు మా కొట్లో ఇప్పటికే పాతికమంది ఉన్నారు. మళ్ళీ ఒక మిషన్ కొనుక్కోవడం దేనికి?" అని ఫిర్యాదుల కట్ట చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మా మేనేజరు ఆయనకి టెక్నాలజీ అర్థం కాలేదన్నాడు. టీం లీడర్ మాట ఇంక ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నీకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానో నాకే తెలీదు, మోగీ మోగీ ఆగిపోయింది. అన్నయ్యకి చేస్తే "స్కూల్లో ఇన్‌స్పెక్షన్ అట, తెల్లారకుండానే వెళ్ళింది" అన్నాడు. సాయంత్రం మళ్ళీ అడిగితే "ఇంటికొచ్చింది, మొహం మాడ్చుకుని కూర్చుంది, ఇన్‌స్పెక్టరు ఏదో అన్నట్టున్నాడు" అన్నాడు. వాడికి చెప్పబోయి ఆగాను. అది నువ్వు చెప్పాల్సిన మాట. ఇప్పటికే నీ మాటలు చాలా లాక్కున్నాను.

నువ్వు క్షేమంగా ఇల్లు చేరావని మాత్రం తెలిసింది. ఆపరేషన్ అయిందో లేదో తెలీదు. ఏడుపొస్తోంది, నాకు ఏడ్చే హక్కు లేదు కాబట్టి రాస్తున్నాను. రమ్మంటే వస్తాను. వద్దన్నా వస్తాను, కానీ ముందు నన్ను తిట్టు.

నీ ఆడపడుచు


జూలై 29

మరదలికి,

తిట్టమన్నావు. ఎర్రసిరా అయిపోయింది, నల్లసిరాతోనే కానిస్తాను.

ఆ రోజు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాను. చెవుల వార్డు. పెద్ద హాలు, గోడలకి తెల్లరంగు, వరసగా బెంచీలు. చెవులు వినపడనివాళ్ళందరినీ ఆ బెంచీల మీద కూర్చోబెడతారు. కూర్చోబెట్టి, ఒక నర్సు ఆ చివర తలుపు దగ్గర నుంచుని, చేతిలో కాగితం చూస్తూ, పేర్లు పిలుస్తుంది.

నేను కల్పించలేదు. నాకు అంత కల్పన లేదు.

చుట్టూ చూశాను. ప్రతివాళ్ళ పక్కనా ఒక మనిషి ఉన్నాడు. ఒక ముసలాయన పక్కన కోడలు, ఒక ఇల్లాలి పక్కన చెల్లెలు. తలుపు దగ్గర నర్సు నోరు కదలగానే పక్కవాళ్ళు మోచేత్తో పొడుస్తున్నారు, వీళ్ళు లేచి వెళ్తున్నారు. తోడు తెచ్చుకోమని డాక్టరు ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది. నేను చెయ్యి పట్టుకోవడానికేమో అనుకున్నాను, నాకవసరం లేదనుకున్నాను. కాదు, పేరు వినడానికి.

నర్సు పెదవుల వంకే చూస్తూ కూర్చున్నాను. తల వంచి కాగితం చూస్తూ పిలిస్తే పెదవులేం కనపడతాయి? మధ్యాహ్నానికి హాలు ఖాళీ అయింది. నేను వెళ్ళి అడిగితే ఆవిడ కాగితం తిప్పి చూపించింది. నా పేరు ఎదురుగా "రాలేదు" అని రాసి ఉంది. మూడుసార్లు పిలిచిందట. నేను ఆవిడకి పది అడుగుల దూరంలో పొద్దుట్నుంచీ కూర్చుని ఉన్నాను. కర్త హాలులోనే ఉంది, క్రియ మాత్రం "రాలేదు". నీ మిషన్ దీనికేం చెట్టు కడుతుందో కట్టించి చూడు.

ఇంటికొచ్చి మొహం మాడ్చుకున్న మాట నిజం. నీ మీద కోపం, ఆ నర్సు మీద కోపం, మీ అన్నయ్య మీద కోపం. అన్నిటికంటే ముందు నా మీద. పెద్ద తెలివైనదాన్నని అనుకుని, ఎవరికి తెలుస్తుందో చూద్దామని వాక్యాల్లో దాచి పెట్టి పంపాను. మీ అందరికీ పరీక్ష పెట్టాను. పరీక్ష పెట్టినవాళ్ళే ఆసుపత్రి హాల్లో ఒంటరిగా కూర్చోవాల్సొస్తుందని నాకు తట్టలేదు.

నీ ఉత్తరం చదివాక మీ అన్నయ్యకి చెప్పేశాను. "నాకు వినపడదు" అని, రెండే మాటలు. ఆయన చాలాసేపు మాట్లాడారు. ఏం మాట్లాడారో తెలీదు. పెదవులు చూస్తే ఈసారి బస్సుల గురించి మాత్రం కాదు. తర్వాత వెళ్ళి టీవీ కట్టేసి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కో మాటా విడదీసి మళ్ళీ మొదట్నుంచీ చెప్పారు. ఇప్పుడు ఏం చెప్పాలన్నా గుమ్మం దగ్గర్నించి కేకెయ్యకుండా ఎదురుగా వచ్చి నుంచుంటున్నారు. వంటింట్లో అడ్డం వస్తున్నారు గానీ, పోనీలే అనుకుంటున్నాను.

హెడ్మిస్ట్రెస్‌కి ఇంకా చెప్పలేదు. పుస్తకాల గది తాళం ఆవిడ బల్ల మీదే ఉంది. నేను అటు వెళ్ళినప్పుడల్లా దాన్ని చూసి వస్తున్నాను. ఆపరేషన్ అయ్యాక చెబుతాను, లేదా దానంతట అదే బయటపడుతుంది.

ఆసుపత్రివాళ్ళు మళ్ళీ తారీఖు ఇచ్చారు, ఆగస్టు పద్దెనిమిది. మీ అన్నయ్య వస్తానన్నారు గానీ ఆ వేళకి ఆయన మైకు ముందు లేకపోతే సగం ఊరు తప్పుడు బస్సెక్కుతుంది. నువ్వు రా. ముందురోజే రా. వచ్చాక గ్లాసు కడుగు, ఈసారి నేను చూసేటట్టు కడుగు.

హాల్లో నా ఎడమవైపు కూర్చో. కబుర్లు చెప్పకు, ఎలాగూ వినపడవు. ఫోన్ చూసుకోకు. నా పేరు పిలుస్తారు, అది ఒక్కటి విను. వినగానే మోచేత్తో గట్టిగా పొడువు.

వదిన